పాత బైకుతో డ్రిఫ్ట్ ట్రైక్ ఎలా చేయాలి: ఇంజన్ కంటే ముందు ఇరుసు

ముందు ఒక రబ్బరు టైరు, వెనక రెండు చిన్న చక్రాలు, ఆ వెనక టైర్ల మీద తొడుగులా ఎక్కించిన ప్లాస్టిక్ పైపు ముక్కలు. డ్రిఫ్ట్ ట్రైక్ అంటే ఇంతే. ప్లాస్టిక్‌కి తారు మీద పట్టు తక్కువ కాబట్టి హ్యాండిల్ కాస్త తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే చాలు, వెనక భాగం మొత్తం పక్కకు జారుతుంది, మీరు నేలకి అడుగు ఎత్తులో కూర్చుని ఆ జారుడుని చేతులతో పట్టుకుని నడిపిస్తారు. 1969లో అమెరికాలో మార్క్స్ కంపెనీ తెచ్చిన బిగ్ వీల్ అనే పిల్లల ట్రైసైకిల్ కూడా గట్టి ప్లాస్టిక్ చక్రాలతో ఇలాగే జారేది. మనం చేసేది దాని పెద్ద రూపం, ఇంజన్‌తో.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఇంజన్ గురించే ఆలోచిస్తారు. ఎన్ని సీసీ, ఎంత పవర్, ఏ సైలెన్సర్. నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి ట్రైక్‌లో ఇరుసు ఒక పక్క 6 మి.మీ. వెనక్కి ఉండిపోయింది, చూస్తే కంటికి కూడా తెలియదు, కానీ ఎడమ వైపు గట్టిగా జారిన ప్రతిసారీ చైన్ ఊడిపోయేది. మూడు వారాలు చైన్‌ని, అది తిరిగే పళ్ల చక్రాన్ని (స్ప్రాకెట్‌ని) అనుమానించి చివరికి వెనక భాగం మొత్తం కోసి మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. అందుకే ముందే చెప్తున్నా, ఇంజన్ పని ఒక రోజుది, ఇరుసు పని వారం రోజులది. ఆ వారం తగ్గించుకోవాలని చూడకండి.

ఏ బైక్ పనికొస్తుంది

100 నుంచి 150 సీసీ మధ్య సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్, గాలితో చల్లబడే ఇంజన్, కార్బొరేటర్ ఉన్నది అయితే సరిపోతుంది. ప్లాస్టిక్ చక్రాలు తిప్పడానికి పెద్ద పవర్ అక్కర్లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బైక్ అయితే ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్ మొత్తం కాపాడుకోవాలి, కొన్నింటిలో బండి పడిపోతే ఇంజన్ ఆపేసే సెన్సర్ కూడా ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్లకి అంత తలనొప్పి వద్దు. ఛాసిస్ మీద అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే స్టీలు, మామూలు వెల్డింగ్‌తో పని జరుగుతుంది. అంటుకోకపోతే అల్యూమినియం, అది వేరే విద్య, ఆ బైక్ వదిలేయండి.

ఇంజన్ మంచిదా కాదా అన్నది బండి విప్పకముందే తేల్చుకోవాలి. కిక్ కొట్టి స్టార్ట్ చేయండి, అన్ని గేర్లూ పడుతున్నాయా, క్లచ్ జారుతోందా, ముందు బ్రేకు పట్టుకుంటోందా, ఫోర్క్ ఆయిల్ కారుతోందా చూడండి. స్టీరింగ్ దగ్గర బేరింగుల్లో లూజు ఉంటే ఇప్పుడే మార్చేయాలి, ఎందుకంటే రేపు కొలతలన్నీ అక్కడి నుంచే తీస్తాం. ఇంకో మాట, బండి మీ పేరున ఉన్న కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి. ఛాసిస్ కోశాక అది రోడ్డు మీద తిరిగే వాహనం కాదు. దీన్ని బయటి రాకపోకలు లేని స్థలంలో, ఆ స్థలం వాళ్ల అనుమతితో మాత్రమే నడపాలి.

విప్పడం, కొయ్యడం

పెట్రోలు పూర్తిగా తీసేయండి, ట్యాంకు తీసి షెడ్డు బయట పెట్టండి. బ్యాటరీ, సీడీఐ యూనిట్ (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) ఊడదీయండి, లేకపోతే వెల్డింగ్ కరెంటుకి సీడీఐ పోతుంది. సీటు, వెనక మడ్‌గార్డు, షాక్ అబ్జార్బర్లు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం), వెనక చక్రం అన్నీ తీసేయండి. వెనక స్ప్రాకెట్ మాత్రం పక్కన దాచుకోండి, దాని బోల్టు రంధ్రాల కొలతతోనే కొత్త హబ్ (దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే మధ్య ముక్క) చేయించాలి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇంజన్ విప్పి కొత్త పైపుల ఫ్రేములో పెట్టుకోవచ్చు, లేదా బైక్ ముందు సగాన్ని ఇంజన్‌తో సహా అలాగే ఉంచి వెనక సగం కొత్తగా కట్టుకోవచ్చు. నా సలహా రెండోది. స్టీరింగ్, ఫోర్క్, ముందు బ్రేకు, ఇంజన్ మౌంటింగులు, ట్యాంకు స్థానం, ఇవన్నీ కంపెనీలో సరిగ్గా కొలతలకి బిగించి వచ్చినవి, వాటిని చెడగొట్టుకోవడం ఎందుకు? పైగా ఇంజన్ మీ కాళ్ల మధ్యలో, ముందుకి ఉంటుంది కాబట్టి ముందు చక్రం మీద బరువు పడుతుంది. జారేటప్పుడు బండిని తిప్పేది ఆ ఒక్క రబ్బరు టైరే. దాని మీద బరువు లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగా వెళ్లిపోతుంది.

ఎక్కడ కొయ్యాలంటే, స్వింగ్ ఆర్మ్ బిగించే పివట్ ప్లేటు వెనక, దాన్ని ముట్టుకోకుండా. పివట్ రంధ్రం మీకు చాలా విలువైనది. అందులో ఒక తిన్నని రాడ్డు దూర్చితే ఛాసిస్‌కి అడ్డంగా సరైన గీత దొరికినట్టే, ఇరుసుని దానికి సమాంతరంగా పెట్టుకోవాలి.

కోసే ముందు పెయింటు ఊడేలా గ్రైండ్ చేయండి. గ్రీజు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి దాని మీద వెల్డింగ్ చేయకండి, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. జింకు పూత ఉన్న పైపు కూడా వద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం, వణుకు.

నేల మీద గీత

కోసిన ముందు సగాన్ని చక్రంతో సహా దిమ్మల మీద నిలబెట్టండి, హ్యాండిల్ కదలకుండా తాళ్లతో కట్టేయండి. ఇప్పుడు చదునైన నేల మీద ముందు టైరు మధ్య నుంచి వెనక్కి ఒక పొడవాటి సుద్దగీత గీయండి. బండికి వెన్నెముక అదే. మిగతా కొలతలన్నీ దానికి ఇటూ అటూ సమానంగా ఉండాలి.

ముందు చక్రం మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకి 1200 నుంచి 1300 మి.మీ. పెట్టుకోండి, దాదాపు బైక్‌కి మొదట ఉన్నంతే. వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి 900 నుంచి 1000 మి.మీ. వెడల్పు తగ్గితే బండి చులాగ్గా తిరుగుతుంది గానీ బోల్తా పడే అవకాశం పెరుగుతుంది.

చాలామంది పొరబడే చోటు ఇది. బైక్ వెనక చక్రం మధ్యభాగం నేలకి సుమారు 300 మి.మీ. ఎత్తులో ఉండేది. మన కొత్త చక్రం చిన్నది, తొడుగుతో కలిపి వ్యాసం 273 మి.మీ., కాబట్టి ఇరుసు 137 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది. స్వింగ్ ఆర్మ్ ఉన్న చోటే తిన్నగా పైపులు పెట్టి ఇరుసు బిగిస్తే వెనక భాగం 160 మి.మీ. కిందికి దిగి, బండి మొత్తం ఏడెనిమిది డిగ్రీలు వెనక్కి వాలుతుంది. దాంతో ఫోర్క్ కూడా అంతే వాలి, ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలని తాకే చోటు నుంచి వెనక్కి టైరు నేలని తాకే చోటు దాకా దూరం) సుమారు 50 మి.మీ. పెరుగుతుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ బరువుగా ఉండి ఒక పక్కకి పడిపోతూ ఉంటుంది. ఇంజన్ కూడా ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న బండిలాగే ఉండిపోతుంది, కార్బొరేటర్ ఫ్లోటు మట్టం మారుతుంది. అందుకే ముందు సగాన్ని దిమ్మల మీద దాని అసలు వాలులోనే ఉంచి, వెనక పైపుల్నే కిందికి దింపండి. రెండు మూడు డిగ్రీల వాలు వచ్చినా ఫర్వాలేదు. ముందు భాగం ఇంకాస్త కిందికి కావాలంటే ఫోర్క్ పైపుల్ని క్లాంపుల్లో 30 మి.మీ. దాకా పైకి జరుపుకోవచ్చు, కాకపోతే ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరు కింది క్లాంపుకి తగలకుండా చూసుకోవాలి.

ఇరుసు

ఇక అసలు పని. రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుకి బిగుసుకుని కలిసి తిరగాలి. కారులాగా డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) అక్కర్లేదు. 5 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంటే, 900 మి.మీ. వెడల్పు ట్రైక్‌లో బయటి చక్రం 5.45 మీటర్ల వృత్తంలో, లోపలి చక్రం 4.55 మీటర్ల వృత్తంలో వెళ్లాలి, అంటే దాదాపు 20 శాతం తేడా. రబ్బరు టైర్లయితే ఈ తేడా ఇరుసుని, చైన్‌ని పిండేస్తుంది. ప్లాస్టిక్ జారుతుంది కాబట్టి ఆ తేడా దానంతట అదే సర్దుకుంటుంది. ఇందులోనే ఇంకో హెచ్చరిక కూడా ఉంది: తొడుగులు లేకుండా వట్టి రబ్బరు టైర్ల మీద ఈ బండిని వేగంగా తిప్పకండి. జారాల్సిన చోట పట్టుకుంటే బోల్తానే.

30 మి.మీ. మందం, మీడియం కార్బన్ స్టీలు షాఫ్ట్ తీసుకోండి. మీటరుకి అయిదున్నర కిలోల బరువు ఉంటుంది, బరువు అనిపించినా 25 మి.మీ.కి దిగకండి, ఒక్కసారి గట్టు కొట్టుకుంటే వంగుతుంది. కొనేటప్పుడు చదునైన గాజు పలక మీద దొర్లించి చూడండి. ఎక్కడైనా కింద వెలుతురు సన్నగా కనిపించి మాయమవుతూ ఉంటే అది వంకర షాఫ్ట్. లేత్ మీద దానికి 8 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. లోతు కీవే (కీ అనే చిన్న ఇనుప ముక్క కూర్చునే గాడి) తీయించండి, చక్రాల హబ్‌లకి రెండు చివర్లా, స్ప్రాకెట్‌కి ఒకటి, బ్రేక్ డిస్కుకి ఒకటి. ఈ నాలుగూ కీ మీదే తిరగాలి. హబ్‌ని షాఫ్ట్‌కి వెల్డింగ్ చేసేద్దాం అనే ఆలోచన మానుకోండి, వేడికి షాఫ్ట్ వంగుతుంది, రేపు బేరింగ్ మార్చడానికి దారి ఉండదు.

బేరింగులకి యూసీపీ 206 ప్లమర్ బ్లాకులు (బోల్టులతో బిగించుకునే పోత ఇనుప దిమ్మలో కూర్చున్న బేరింగులు) రెండు. వీటి రంధ్రం 30 మి.మీ., అడుగు నుంచి షాఫ్ట్ మధ్యకి 42.9 మి.మీ. వీటిని ఫ్రేము పైపు మీద కూర్చోబెట్టకుండా పైపు కింద వేలాడదీయండి. నేల నుంచి వచ్చే ఒత్తిడి ఇరుసుని పైకి నెడుతుంది కదా. బ్లాకు పైపు కింద ఉంటే ఆ ఒత్తిడికి అది పైపుకి ఇంకా ఆనుకుంటుంది, పైన ఉంటే బోల్టుల్ని పీకేలా లాగుతుంది. పోత ఇనుము ఆ లాగుడికి పగులుతుంది. లెక్క ఇలా వేసుకోండి: ఇరుసు ఎత్తు 137, దానికి 43 కలిపితే 180. పైపు అడుగు భాగం నేలకి 180 మి.మీ. ఎత్తులో రావాలి.

బ్లాకులు చక్రాలకి దగ్గరగా ఉండాలి, బేరింగ్ నుంచి హబ్‌కి 80 మి.మీ. మించి షాఫ్ట్ బయటికి వేలాడకూడదు. స్ప్రాకెట్ కూడా ఒక బేరింగ్ పక్కనే ఉండేలా చూడండి. బేరింగ్‌లోని గ్రబ్ స్క్రూలు (షాఫ్ట్‌ని నొక్కి పట్టే తల లేని స్క్రూలు) నమ్మదగ్గవి కావు, అదిరి అదిరి వదులైపోతాయి, కాబట్టి అవి ఆనే చోట షాఫ్ట్ మీద డ్రిల్‌తో చిన్న గుంట చేసి, లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించి, రెండు పక్కలా షాఫ్ట్ కాలర్లు (షాఫ్ట్ చుట్టూ బిగించే రింగులు) కూడా పెట్టండి. పక్కకి జారే బండిలో ఇరుసు పక్కకి కదలడానికే చూస్తూ ఉంటుంది.

వెనక ఫ్రేము వెల్డింగ్

30×30 చదరపు పైపు, 3 మి.మీ. గోడ. గుండ్రటి పైపు అందంగా ఉంటుంది గానీ చివర్లు చేప నోరులా కోసి కలపాలి, చదరపు పైపుకి ఆ బాధ లేదు. పివట్ ప్లేటు దగ్గర నుంచి రెండు పైపులు, ఇంజన్‌ని కింద నుంచి మోసే క్రేడిల్ పైపుల నుంచి రెండు పైపులు వెనక్కి వచ్చి ఇరుసు మీది అడ్డపైపుకి కలవాలి, పక్క నుంచి చూస్తే త్రికోణాలు కనిపించాలి. బైక్ క్రేడిల్ పైపు గోడ పలచగా ఉంటుంది, దానికి మందపాటి పైపు నేరుగా అతికిస్తే అతుకు పక్కనే పగులుతుంది. అందుకని కోసిన పైపు లోపలికి 70 మి.మీ. పొడవు రాడ్డు ముక్క బిగుతుగా దూర్చి, బయటి పైపుకి రెండు మూడు రంధ్రాలు చేసి వాటి గుండా లోపలి ముక్కని వెల్డ్ చేయండి, ఆ తర్వాతే చుట్టూ అతుకు వేయండి.

ముందుగా అన్నీ చుక్క వెల్డింగే. నాలుగు చుక్కలు పెట్టి, ఇరుసు బదులు ఒక పాత రాడ్డు బ్లాకుల్లో దూర్చి, కొలవడం మొదలుపెట్టండి. పివట్ రాడ్డు ఎడమ చివర నుంచి ఇరుసు ఎడమ చివరకి ఎంత, కుడి నుంచి కుడికి ఎంత. తర్వాత మూలమూలలు, ఎడమ ముందు నుంచి కుడి వెనకకి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి. నాలుగు కొలతల్లో జంటలు 2 మి.మీ. లోపు కలవాలి. చివరగా స్టీరింగ్ తల మధ్య నుంచి ఇరుసు రెండు చివర్లకి దారం లాగి చూడండి. తేడా ఉంటే చుక్క పగలగొట్టి సరిచేయడం రెండు నిమిషాల పని, పూర్తి వెల్డింగ్ అయ్యాక అయితే నాలాగా గ్రైండర్ పట్టుకోవాల్సిందే.

కొలతలు కుదిరాక ప్లమర్ బ్లాకులు విప్పేయండి, వేడికి వాటి సీళ్లు కరుగుతాయి. ఒక పక్క 25 మి.మీ. అతుకు, వెంటనే ఎదురు పక్క 25 మి.మీ., అలా మార్చి మార్చి, చేత్తో ముట్టుకునేంత చల్లారనిచ్చి. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టండి, ఇంజన్‌కో ఫోర్క్‌కో పెడితే కరెంటు బేరింగుల గుండా వెళ్లి వాటిలో గుంటలు పడతాయి. మొత్తం అయ్యాక మళ్లీ అన్ని కొలతలూ తీయండి.

బ్లాకులు బిగించే ప్లేట్లలో రంధ్రాలు ముందుకీ వెనక్కీ 25 మి.మీ. పొడవుగా కోయించండి, చైన్ టెన్షన్ సరిచేసుకోవడానికి అదే దారి.

చైన్, స్ప్రాకెట్

చిన్న బైకుల్లో ఎక్కువగా ఉండేది 428 చైన్, పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం) 12.7 మి.మీ. పాత వెనక స్ప్రాకెట్ బిగించేలా లేత్ మీద ఒక హబ్ చేయించండి, 30 మి.మీ. రంధ్రం, కీవే, బోల్టు రంధ్రాలు స్ప్రాకెట్‌కి సరిపోయేలా.

ఎన్ని పళ్లు ఉండాలన్నది లెక్క వేసుకోవాల్సిన విషయం. బైక్ వెనక టైరు వ్యాసం సుమారు 600 మి.మీ., మన ప్లాస్టిక్ చక్రం 273. అంటే ముందు 14, వెనక 42 అలాగే ఉంచితే అదే గేరులో అదే ఆర్‌పీఎంకి వేగం సగం కంటే తక్కువ. మూడో గేరులో గంటకి 60 కి.మీ. వెళ్లే చోట 27 దగ్గర ఆగిపోతుంది. వెనక స్ప్రాకెట్ 28 పళ్లకి తగ్గిస్తే అదే చోట 41 వస్తుంది. నాకు నచ్చింది ఇదే, రెండో గేరులో జారుడు మొదలవుతుంది, మూడో గేరులో పొడవాటి డ్రిఫ్ట్ పట్టుకోవచ్చు, గేర్ల కోసం కాలు మాటిమాటికీ కదపక్కర్లేదు. మొదటిసారి నడిపేవాళ్లు మాత్రం 42తోనే మొదలుపెట్టండి, నెమ్మదిగా ఉండటమే అప్పుడు మంచిది. 42 పళ్ల స్ప్రాకెట్ వ్యాసం 170 మి.మీ., చైన్ మందం కూడా కలుపుకుంటే నేలకి ఇంకా 45 మి.మీ. ఖాళీ ఉంటుంది, తగలదు.

రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలో ఉండాలి. తిన్నని అల్యూమినియం పట్టీని వెనక స్ప్రాకెట్ ముఖానికి ఆనించి ముందుకి చాపితే ముందు స్ప్రాకెట్‌కి 1 మి.మీ. తేడాలో తగలాలి. స్వింగ్ ఆర్మ్ లేదు కాబట్టి చైన్ పొడవు నడిచేటప్పుడు మారదు, మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మి.మీ. ఆడితే చాలు. చైన్ మీ సీటు పక్క నుంచే కిందికి దిగుతుంది. దానికి రేకుతో గార్డు తప్పనిసరి, ప్యాంటు అంచు పట్టుకుందంటే కాలు పోతుంది.

బ్రేకులు

వెనక బ్రేకు జారడానికి, ముందు బ్రేకు ఆగడానికి. ప్లాస్టిక్ చక్రాల్ని ఎంత గట్టిగా పట్టినా అవి జారుతూనే ఉంటాయి, బండి ఆగదు. కాబట్టి ముందు బ్రేకు కొత్త షూలు లేదా ప్యాడ్లు, కొత్త కేబుల్ లేదా ఆయిల్‌తో పూర్తిగా బాగుచేసుకోండి. వెనక ఇరుసు మీద డిస్కు పెడితే ఒక్క కాలిపర్‌తో రెండు చక్రాలూ ఆగుతాయి. కానీ బైక్ ముందు డిస్కు తెచ్చి పెట్టేద్దాం అనుకోకండి, 240 మి.మీ. డిస్కు అయితే నేలకి 17 మి.మీ. ఖాళీ కూడా సరిగ్గా ఉండదు, తొడుగు అరిగితే అదీ పోతుంది. 160 నుంచి 180 మి.మీ. డిస్కు చూసుకోండి, కాలిపర్‌ని పై వైపు బిగించండి.

ప్లాస్టిక్ తొడుగులు

గో-కార్ట్ ముందు చక్రాలకి వాడే 10×4.50-5 టైరు, 5 అంగుళాల రిమ్ముతో. టైరు బయటి వ్యాసం 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. 10 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే రకం) పీవీసీ పైపు బయటి వ్యాసం 273, లోపలిది దాదాపు 254. కాబట్టి ఇవి రెండూ ఒకదానికొకటి చేసినట్టు సరిపోతాయి. కానీ కంపెనీని బట్టి టైర్లు కొన్ని మి.మీ. అటూ ఇటూ ఉంటాయి, గాలి నింపిన టైరు చుట్టుకొలత టేపుతో తీసి 3.14తో భాగించి, ఆ తర్వాతే పైపు కొనండి. పీవీసీ కంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) నాకు ఎక్కువ ఇష్టం. పీవీసీ గట్టిగా కొట్టుకుంటే పెచ్చులుగా పగులుతుంది, చలిలో మరీను, హెచ్‌డీపీఈ పగలకుండా సాగుతుంది, చప్పుడు కూడా తక్కువ. 280 మి.మీ. బయటి వ్యాసం, 13 మి.మీ. పైచిలుకు గోడ ఉన్న హెచ్‌డీపీఈ పైపు ఇదే టైరుకి సరిపోతుంది, ఇరుసు మూడు నాలుగు మి.మీ. ఎత్తు పెరుగుతుంది అంతే.

పైపుని తిన్నగా కొయ్యడానికి ఒక పొడవాటి కాగితం పట్టీని చుట్టూ చుట్టండి, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే ఆ అంచు వెంబడి గీసిన గీత తిన్నటి గీత. 130 మి.మీ. వెడల్పు ముక్కలు కొయ్యండి. బయటి అంచుల్ని ఆకురాయితో 3, 4 మి.మీ. వాలుగా అరగదీయండి, లేకపోతే పక్కకి జారుతుండగా అంచు తారు పగుల్లో ఇరుక్కుని బండిని ఎత్తి పడేస్తుంది.

ఎక్కించడం ఓపిక పని. టైరులో గాలి మొత్తం తీసేయండి, వాల్వు పిన్ను కూడా. టైరు మధ్యలో చుట్టూ రాచెట్ బెల్టు వేసి బిగిస్తే టైరు లోపలికి నొక్కుకుని చిన్నదవుతుంది. సబ్బు నీళ్లు రాసి, పైపు ముక్కని ఒక అంచు నుంచి తొడగండి, సగం ఎక్కాక బెల్టు లాగేసి, రబ్బరు సుత్తితో చుట్టూ కొంచెం కొంచెంగా కొడుతూ మధ్యకి తీసుకురండి. రెండు పక్కలా టైరు అంచు సమానంగా కనిపించాలి. తర్వాత 25 నుంచి 30 పీఎస్‌ఐ గాలి. నింపుతుంటే రబ్బరు ప్లాస్టిక్‌ని నొక్కుతూ కిర్రుమని చిన్న చప్పుడు వస్తుంది, తర్వాత చేత్తో తిప్పడానికి చూస్తే ఇసుమంత కూడా కదలదు. సబ్బు నీళ్లు ఆరేదాకా ఒక రాత్రి వదిలేయండి.

ఇప్పుడు మార్కర్‌తో టైరు పక్క నుంచి ప్లాస్టిక్ అంచు దాకా ఒకే అడ్డగీత గీయండి. బండి నడిపి వచ్చాక ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే తొడుగు టైరు మీద తిరుగుతోందన్న మాట, గాలి కొంచెం పెంచాలి. నేను ఒకసారి స్క్రూలు కొట్టేస్తే గొడవ వదిలిపోతుందని ప్లాస్టిక్ గుండా టైరులోకి స్క్రూలు బిగించాను. గాలి దిగిపోయింది, మలుపు మధ్యలో తొడుగు ఊడి దొర్లుకుంటూ నా స్నేహితుడి కాలికి అంగుళం దూరంలోంచి వెళ్లింది. ఆ రోజు తర్వాత స్క్రూ జోలికి పోలేదు. పట్టు అనేది గాలితోనే రావాలి.

సీటు, కాళ్లు, వైర్లు

సీటు అడుగు నేలకి 300 నుంచి 350 మి.మీ. ఎత్తులో, ఇరుసుకి కాస్త ముందు. పక్కలు లేచి ఉన్న బకెట్ సీటు అయితే జారేటప్పుడు నడుము కదలదు. ఖరారు చేసే ముందు మీరు కూర్చుని, ముందు చక్రం కింద బరువు తూచే మిషన్, వెనక చక్రాల కింద అంతే ఎత్తు చెక్కలు పెట్టి చూడండి. మొత్తం బరువులో 40 శాతం ముందు ఉంటే బాగుంటుంది, మూడో వంతు కంటే తగ్గితే సీటు ముందుకి జరపండి.

ఫుట్‌రెస్టులు ఇంజన్‌కి రెండు పక్కలా, మోకాళ్లు కొంచెం వంగి ఉండేంత ముందుకి. గేరు లివరు అందకపోతే రెండు చివర్లా బాల్ జాయింట్లున్న రాడ్డుతో పొడిగించుకోవచ్చు. వెనక చక్రాలకి ముందు, కాలుకీ చక్రానికీ మధ్య, రెండు పక్కలా అడ్డుకమ్మి పెట్టండి. కాలు జారి కింద పడితే వెనక చక్రం దాని మీదకి ఎక్కకుండా ఆపేది అదొక్కటే.

ట్యాంకు కార్బొరేటర్ కంటే పైన ఉండాలి, పెట్రోలు దాని బరువుకే దిగుతుంది కదా. అసలు ట్యాంకు చూపుకి అడ్డొస్తే అదే చోట చిన్నది పెట్టుకోండి. వైరింగ్‌లో లైట్లు, హారన్ తీసేసి ఇగ్నిషన్, ఛార్జింగ్ మాత్రం ఉంచండి. సీడీఐ ఏసీ రకమైతే బ్యాటరీ లేకుండా నడుస్తుంది, డీసీ రకమైతే బ్యాటరీ కావాలి. మణికట్టుకి కట్టుకునే తాడు ఉన్న కిల్ స్విచ్ తప్పకుండా పెట్టండి. మీరు సీట్లోంచి పడిపోయినా ఇంజన్ ఆగిపోవాలి, లేకపోతే డ్రైవరు లేని ట్రైక్ ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

మొదటి పరుగు

వెనక భాగం స్టాండ్ల మీద ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి మొదటి గేరులో పది నిమిషాలు తిప్పండి. పక్కకి నిలబడండి, వెనక మాత్రం వద్దు. ఇంజన్ ఆపాక ప్లమర్ బ్లాకుల మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఇరుసు ఎక్కడో పట్టేస్తోంది, అలైన్‌మెంట్ మళ్లీ చూడాలి. చైన్ ఎక్కడో ఒక చోట బిగుతై ఇంకో చోట వదులవుతుంటే స్ప్రాకెట్ హబ్ మధ్యకి లేదు.

ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు, చీలమండ దాకా కప్పే బూట్లు, మోకాలి, మోచేతి గార్డులు. తారు లేదా నున్నటి కాంక్రీటు మీద, గట్లు, స్తంభాలు లేని చోట, మనుషులు దూరంగా ఉన్నప్పుడు. ముందు కిల్ స్విచ్ తాడు లాగి చూడండి, తర్వాత నడక వేగంలో ముందు బ్రేకు నాలుగైదు సార్లు పట్టి చూడండి. తిన్నగా రెండు మూడు సార్లు అటూ ఇటూ వెళ్లి రండి, చేతులు వదులుగా పట్టుకుంటే బండి ఒక పక్కకి లాగుతోందేమో తెలుస్తుంది.

జారడానికి ఇరవై వేగం చాలు. హ్యాండిల్ ఎడమకి తిప్పుతూ యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా ఇవ్వండి లేదా వెనక బ్రేకు ఒక్క క్షణం నొక్కండి, వెనక భాగం కుడికి జారుతుంది. ఆ క్షణంలో హ్యాండిల్‌ని కుడికి, జారుతున్న వైపే తిప్పుతూ ఒంటిని మలుపు లోపలికి వాల్చండి. భయమేసి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే వెనక చక్రాలకి పట్టు వచ్చి బండి కుదుపుతో తిన్నగా అవుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించడం అలవాటు చేసుకోండి. పది పదిహేను నిమిషాలకి ఒకసారి ఆపి ఇంజన్‌ని చల్లారనివ్వండి. ఈ వేగంలో గాలి తగలదు, గాలితో చల్లబడే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది.

ఆపిన ప్రతిసారీ బేరింగుల బోల్టులు, హబ్ బోల్టులు, గ్రబ్ స్క్రూలు అన్నీ పానా పెట్టి చూడండి, మొదటి రోజు ఏదో ఒకటి వదులవుతుంది. వెల్డింగ్ అతుకుల పక్కన పెయింటులో వెంట్రుకలాంటి గీత కనిపిస్తే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. తొడుగు గోడ మందం అంచు దగ్గర కొలుస్తూ ఉండండి, 4 మి.మీ.కి వచ్చినా, చిన్న పగులు కనిపించినా మార్చాలి. రెండు పక్కలవీ కలిపే మార్చండి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి ఒక పక్కకే లాగుతుంది. వెళ్లే ముందు నేల మీద రాలిన ప్లాస్టిక్ పొట్టు చీపురుతో ఊడ్చి సంచిలో వేసుకుని వచ్చేయండి. పీవీసీ పొట్టుకి మాత్రం నిప్పు పెట్టకండి, దాని పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది.